ఇంటర్ అయ్యాక మర్చంట్ నేవీ అనుకునేవాళ్లు ముందు అడగాల్సింది మొదటి షిప్ సంగతి

విజయవాడ, గుంటూరు వైపు ఎంపీసీ పూర్తిచేసిన పిల్లల ముందు మామూలుగా కనిపించే దారులు రెండే, ఎంసెట్ రాసి ఇంజనీరింగ్‌లో చేరడం, లేదంటే జేఈఈకి లాంగ్ టర్మ్ కూర్చోవడం. ఈ రెండూ మనసుకి ఎక్కనివాళ్లలో ఏటా కొంతమంది మర్చంట్ నేవీ పేరెత్తుతారు. ఎత్తగానే ఇంట్లో రెండు రకాల మాటలు మొదలవుతాయి, సముద్రమా, వద్దే వద్దు అని అమ్మ, నెలకి లక్షల్లో జీతమట కదా పంపించెయ్యండి అని బాబాయో మావయ్యో. ఇద్దరికీ ఆ ఉద్యోగం గురించి తెలిసింది తక్కువే, అందులో వాళ్ల తప్పేం లేదు. వైజాగ్‌లోనో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపో అయితే షిప్ మీద పనిచేసి వచ్చిన అన్న ఒకడు తెలిసినవాళ్లలో దొరుకుతాడు, కూర్చోబెట్టి అడగొచ్చు. మనకి సముద్రం అంటే సూర్యలంక, మంగినపూడి, ఆదివారం వెళ్లి స్నానం చేసి సాయంత్రానికి ఇంటికొచ్చేయడం. అందుకే ఇక్కడి కుటుంబాలకి సమాచారం వచ్చేది ఎక్కువగా ఏజెంట్ నుంచో, ఇన్‌స్టా రీల్ నుంచో, అడ్మిషన్ల కోసం ఫోన్ చేసే కన్సల్టెన్సీ అమ్మాయి నుంచో.

వీళ్లని అడిగే ప్రశ్నలు కూడా ఎప్పుడూ ఒకటే. సీటు వస్తుందా, ఫీజు ఎంత, హాస్టల్ ఎలా ఉంటుంది, జీతం ఎంత. కోర్సు అయిపోయాక పిల్లాణ్ణి మొదటిసారి షిప్ ఎక్కించేది ఎవరు, ఎప్పటిలోగా, రాతపూర్వకంగా ఏమన్నా ఇస్తారా అని అడిగేవాళ్లు చాలా తక్కువ. ఈ కెరీర్‌లో ఎక్కువమంది ఆగిపోయేది మాత్రం సరిగ్గా అక్కడే.

ముందు ఒక చిన్న గందరగోళం తీసేయాలి. మర్చంట్ నేవీకీ ఇండియన్ నేవీకీ సంబంధం లేదు. యూనిఫాం ఉన్నా ఇది రక్షణ శాఖ ఉద్యోగం కాదు, పర్మనెంట్ గవర్నమెంట్ ఉద్యోగం అంతకన్నా కాదు. క్రూడ్ ఆయిల్, గ్యాస్, బొగ్గు, గోధుమలు, కార్లు, కంటైనర్లు మోసే వాణిజ్య నౌకల మీద కాంట్రాక్టు పని. ప్రపంచంలో దేశాల మధ్య తిరిగే సరుకులో 80 శాతం పైగా బరువు ఓడల మీదే కదులుతుంది, ఆ ఓడల్ని నడిపే మనుషుల్ని ఎక్కువగా పంపే దేశాల్లో ఫిలిప్పీన్స్, చైనా, ఇండోనేషియా, రష్యాలతో పాటు ఇండియా కూడా ఉంది. కాబట్టి పని లేని రంగం కాదు. ఇంకో మాట, బందరు పోర్టు పనులు 2023లో మొదలయ్యాయి కాబట్టి ఇక మన పిల్లలకి షిప్ ఉద్యోగాలు ఇక్కడే అని కొందరు చెప్తున్నారు, అది నమ్మొద్దు. పోర్టు వస్తే క్రేన్లు, గోడౌన్లు, కస్టమ్స్ క్లియరెన్స్, లారీలు, ఇలాంటి ఒడ్డు మీది పనులు పెరుగుతాయి. షిప్ మీదకి మనిషిని తీసుకునేది మాత్రం ముంబైలోనో చెన్నైలోనో ఆఫీసు పెట్టుకున్న షిప్ మేనేజ్‌మెంట్ కంపెనీ, ఆ షిప్ బందరు మొహం ఎప్పుడూ చూడకపోవచ్చు.

దారులు నాలుగైదు ఉన్నాయి. ఇంటర్ ఎంపీసీతో ఆఫీసర్ అవ్వాలంటే డెక్ వైపు ఒకటి, ఇంజిన్ వైపు ఒకటి. డెక్ అంటే ఓడ నడపడం, సరుకు ఎక్కించడం దించడం, చివరికి కెప్టెన్. దీనికి ఏడాది డీఎన్‌ఎస్, అంటే డిప్లొమా ఇన్ నాటికల్ సైన్స్, చేసి 18 నెలలు క్యాడెట్‌గా, అంటే ట్రైనీగా షిప్ మీద ఉండాలి, లేదా మూడేళ్ల బీఎస్సీ నాటికల్ సైన్స్ చేస్తే 12 నెలలు సరిపోతుంది. ఇంజిన్ వైపు నాలుగేళ్ల బీటెక్ మెరైన్ ఇంజనీరింగ్, తర్వాత ఆర్నెల్లు సముద్రం, పైమెట్టు చీఫ్ ఇంజనీర్. వీటికి ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ పెట్టే ఐఎంయూ సెట్ రాయాలి, మూడు గంటల్లో 200 ప్రశ్నలు, మ్యాథ్స్ ఫిజిక్స్ కెమిస్ట్రీతో పాటు ఇంగ్లీషు, జనరల్ నాలెడ్జ్, ఆప్టిట్యూడ్. ఎంపీసీ సబ్జెక్టుల్లో 60 శాతం, టెన్త్‌లోనో ఇంటర్‌లోనో ఇంగ్లీషులో 50 శాతం ఉండాలి. ఎంసెట్‌కి చదివినవాడికి ఈ పేపర్ కొండేమీ కాదు, ఇంగ్లీషు దగ్గర మాత్రం మన కార్పొరేట్ కాలేజీల పిల్లలు జాగ్రత్తపడాలి, ఎందుకంటే రెండేళ్లు పొద్దున్నుంచి రాత్రి దాకా ఫార్ములాలే చదివి ఇంగ్లీషు పరీక్ష ముందు రోజు గైడు తిరగేసే అలవాటు మనది, తర్వాత కంపెనీ ఇంటర్వ్యూలో నోరు తెరిచి మాట్లాడాల్సింది ఆ భాషలోనే. ఐఎంయూకి వైజాగ్‌లో క్యాంపస్ ఉంది కదా అని అక్కడ చేరితే షిప్ మీదకి వెళ్లొచ్చు అనుకుంటారు, అక్కడ ప్రధానంగా ఉండేది నేవల్ ఆర్కిటెక్చర్, అంటే ఓడల్ని డిజైన్ చేసే చదువు. మంచి చదువే, కానీ ఓడ ఎక్కే ఉద్యోగం కాదు.

టెన్త్ తర్వాత ఆరు నెలల జీపీ రేటింగ్ కోర్సు ఇంకో దారి. ఇది ఆఫీసర్ కాదు, డెక్ మీదా ఇంజిన్ రూములోనూ చేతిపని చేసే సిబ్బంది. వంట వైపు క్యాటరింగ్ కోర్సు వేరే ఉంది. రేటింగ్ నుంచి కష్టపడి పరీక్షలు రాసి ఆఫీసర్ అయినవాళ్లు ఉన్నారు, దానికి చాలా ఏళ్లు పడుతుంది.

ఇక కళ్ల సంగతి. ఇది ఐఎంయూ సెట్ కన్నా ముందు తేలిపోవాల్సిన విషయం, కానీ చాలా ఇళ్లలో అన్నీ అయ్యాక చివర్లో చూస్తారు. డెక్ వైపు వెళ్లాలంటే అద్దాల్లేకుండా 6/6 చూపు అడుగుతారు. ఇంజిన్ వైపు ప్లస్ లేదా మైనస్ 2.5 దాకా పవర్ ఉన్నా పర్లేదు. కలర్ బ్లైండ్‌నెస్ ఉంటే మాత్రం రెండు వైపులా తలుపు మూసుకున్నట్టే. ఇది ఏదో పేరుకి పెట్టిన రూల్ కాదు. రాత్రిపూట నడిసముద్రంలో ఎదుటి ఓడ ఆకారం కనపడదు, లైట్లే కనపడతాయి. ప్రతి ఓడకీ ఎడమ పక్కన ఎర్ర లైటు, కుడి పక్కన పచ్చ లైటు, పైన తెల్ల లైటు. ఎర్రది కనిపిస్తే ఎదుటి ఓడ ఎడమ పక్క మనవైపు ఉందని అర్థం, ఎర్రా పచ్చా రెండూ ఒకేసారి కనిపిస్తే అది సూటిగా మన మీదకే వస్తోందని అర్థం. ఆ రంగులో తేడా పడితే ఇరవై మంది ప్రాణాలూ వేల టన్నుల ఆయిలూ ప్రమాదంలో పడతాయి. టెస్ట్ చేసేది ఇషిహారా పుస్తకంతో, రంగురంగుల చుక్కల మధ్య ఒక అంకె దాగి ఉంటుంది, మామూలు చూపు ఉన్నవాడికి చూడగానే 74 అనో 6 అనో తెలుస్తుంది, లోపం ఉన్నవాడికి చుక్కలే కనపడతాయి లేదా వేరే అంకె కనపడుతుంది. ఇది పుట్టుకతో వచ్చేది, మగపిల్లల్లో ఎక్కువ, ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర పైదేదో కిందదేదో చూసి అలవాటుగా బండి ఆపేస్తారు కాబట్టి చాలామందికి తమకి ఆ లోపం ఉందని పద్దెనిమిదేళ్లొచ్చినా తెలీదు. చివరి మెడికల్ డీజీ షిప్పింగ్, అంటే ఈ రంగాన్ని చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, అప్రూవ్ చేసిన డాక్టర్ల దగ్గరే చేయించుకోవాలి, కానీ ఈ పుస్తకం సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో కంటి డాక్టర్ దగ్గర ఉంటుంది, ఐదు నిమిషాల పని. ఇంటర్ ఫస్టియర్లోనే చూపించేసుకుంటే రెండేళ్ల ఆశ ఒక్క పూటలో కూలిపోయే బాధ తప్పుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కోర్సు పాసైనంత మాత్రాన షిప్ ఎందుకు దొరకదు?

ఇంజనీరింగ్ లెక్కలో ఆలోచిస్తే ఇది అర్థం కాదు. ఒక ఓడ నడవాలంటే కనీసం ఎంతమంది, ఏ ర్యాంకు వాళ్లు ఉండాలో ఆ ఓడ జెండా దేశం, అంటే ఓడ రిజిస్టరైన దేశం, సర్టిఫికెట్‌లో రాసిస్తుంది. ఆ లిస్టులో క్యాడెట్ ఉండడు. కెప్టెన్ లేకపోతే ఓడ కదలదు, క్యాడెట్ లేకపోతే ఏమీ ఆగదు. ఓడలో గదులు లెక్కగానే ఉంటాయి, లైఫ్‌బోటులో సీట్లూ లెక్కే. క్యాడెట్‌ని తీసుకుంటే కంపెనీకి విమానం టికెట్, భోజనం, స్టైపెండ్, ఇన్సూరెన్స్, నేర్పించడానికి ఆఫీసర్ల టైమ్, అన్నీ ఖర్చే. మరి ఎందుకు తీసుకుంటారంటే ఇంకో మూడు నాలుగేళ్లకి తమకి ఎంతమంది థర్డ్ ఆఫీసర్లు, అంటే డెక్ వైపు మొదటి మెట్టు ఆఫీసర్లు, కావాలో అంచనా వేసుకుని అంతమందినే తయారు చేసుకుంటారు. అవతల కాలేజీలు సీట్లు నింపుకునే లెక్క వేరు, వాళ్లకి ఈ అంచనాతో పనిలేదు. ఈ రెండు లెక్కలూ కలవవు కాబట్టి మధ్యలో మిగిలిపోయిన పిల్లలు సర్టిఫికెట్లు చేత్తో పట్టుకుని ముంబైలో కంపెనీ ఆఫీసుల చుట్టూ తిరుగుతారు, నెలలు గడిచేకొద్దీ తర్వాతి బ్యాచ్ బయటికి వస్తుంది, వాళ్లతో కూడా పోటీ పడాలి. సీనియర్ ఆఫీసర్లు దొరక్క కంపెనీలు ఇబ్బంది పడుతున్నాయన్నదీ నిజమే, కొత్త పిల్లలకి షిప్ దొరకట్లేదన్నదీ నిజమే. రెండోది చెప్పకుండా మొదటిది మాత్రమే చెప్పి అడ్మిషన్ తీసుకోవడం చాలా అన్యాయం.

అందుకే స్పాన్సర్షిప్ అనే మాట ఇక్కడ ప్రాణం. కంపెనీయే టెస్ట్ పెట్టి, ఇంటర్వ్యూ చేసి, మెడికల్ చూసి, ఈ పిల్లాడు కోర్సు పాసైతే మా షిప్ ఎక్కిస్తాం అని లెటర్ ఇస్తుంది. పెద్ద కంపెనీలకి కొన్నిటికి సొంత అకాడమీలే ఉన్నాయి. డీఎన్‌ఎస్ అయితే స్పాన్సర్షిప్ చేతిలో లేకుండా ఒక్క రూపాయి కూడా కట్టకూడదు, ఈ విషయంలో మొహమాటం పనికిరాదు. ఎందుకంటే డీఎన్‌ఎస్ ఏడాది డిప్లొమా, షిప్ దొరక్కపోతే ఇరవయ్యేళ్ల పిల్లాడి చేతిలో మిగిలేది ఇంటర్ మార్కుల లిస్టూ ఆ డిప్లొమా కాగితమూ. మెరైన్ బీటెక్‌లో కనీసం డిగ్రీ మిగులుతుంది. లెటర్ వచ్చాక దాన్ని ఒకసారి కాకుండా రెండుసార్లు చదవాలి. షిప్ ఇచ్చేది కోర్సు అయిన ఎన్ని నెలల్లోగా, ఒక సబ్జెక్టు పోతే లెటర్ రద్దవుతుందా, తర్వాత ఆ కంపెనీలోనే ఇన్నేళ్లు పనిచేయాలని బాండ్ ఉందా, ఇచ్చింది నిజంగా షిప్పులున్న కంపెనీయేనా లేక మధ్యలో ఉన్న ఏజెన్సీయా. మా దగ్గర హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్ అని బ్రోచర్‌లో ఉండటం వేరు, పిల్లాడి పేరుతో లెటర్ ఉండటం వేరు.

లెటర్ లేనివాళ్ల దగ్గరికే ఏజెంట్లు వస్తారు. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, ఓడ దిగాక బోడి మల్లయ్య అని మనవాళ్లు ఊరికే అనలేదు, డబ్బు చేతిలో పడేదాకా రోజూ ఇంటికొచ్చి అమ్మా నాన్నగారూ అని పలకరించినవాడు పడ్డాక ఫోన్ ఎత్తడు. వాళ్ల పద్ధతి దాదాపు ఒకేలా ఉంటుంది. ఎగ్జామ్ అక్కర్లేదు, మూడు నెలల కోర్సు, డైరెక్ట్ షిప్, మూడో దేశం పేరు మీద సీడీసీ, అంటే షిప్ మీద పనిచేసేవాళ్ల గుర్తింపు పుస్తకం, ఇప్పిస్తాం, ముందు టూరిస్ట్ వీసా మీద దుబాయో ఇరానో వెళ్లాలి, అక్కడ మా మనిషి రిసీవ్ చేసుకుంటాడు. అలా వెళ్లినవాళ్లు పాతబడిన చిన్న ఓడల్లో, జీతం లేకుండా, పాస్‌పోర్ట్ ఇంకొకరి చేతిలో పెట్టి ఇరుక్కుపోయిన కేసులు ఏటా బయటపడుతూనే ఉన్నాయి. చెక్ చేసుకోవడం కష్టం కాదు. ఇండియాలో షిప్ మీదకి మనుషుల్ని పంపే ప్రతి ఏజెన్సీకీ డీజీ షిప్పింగ్ ఇచ్చిన ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉండాలి, ఆ నంబరు డీజీ షిప్పింగ్ సైట్‌లో వెతికితే లైసెన్సు ఉందో, గడువు అయిపోయిందో కనపడుతుంది. కాలేజీల అప్రూవల్ లిస్టు కూడా అక్కడే ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఉద్యోగం ఇప్పించినందుకు సీమన్ దగ్గర డబ్బు తీసుకోవడం 2006 నాటి మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ అనే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం నిషేధం, ఇండియా దాన్ని 2015లో ఆమోదించింది. పాస్‌పోర్ట్, వీసా, మెడికల్ లాంటి కొన్ని ఖర్చులు మనవే, అవి వేరు. ప్లేస్‌మెంట్ చార్జీ ఐదు లక్షలు అని ఎవడైనా అడిగాడంటే ఆ ఒక్క మాటతోనే వాడు ఎవడో తేలిపోయినట్టు. పొలం కాగితాలు పెట్టి ఆ డబ్బు తెచ్చే తండ్రులు ఉన్నారు కాబట్టే ఇంత గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

జీతం లెక్క కూడా మనవాళ్లు తప్పు వేస్తారు. షిప్ జీతం దాదాపుగా ఎక్కిన రోజు నుంచి దిగిన రోజు దాకానే. ఆఫీసర్ల కాంట్రాక్టులు నాలుగు నుంచి ఆరు నెలలు, రేటింగ్స్‌కి ఆరు నుంచి తొమ్మిది, దిగాక ఇంటి దగ్గర ఉన్నన్నాళ్లూ చాలా కంపెనీల్లో జీతం ఉండదు. నెలకి 2 లక్షలు వచ్చే జూనియర్ ఆఫీసర్ ఏడాదిలో ఆరు నెలలు షిప్‌లో ఉంటే వచ్చేది 12 లక్షలు, పన్నెండు నెలలకి పంచితే నెలకి లక్ష. తక్కువేం కాదు, కానీ పెళ్లి చూపుల్లోనూ బ్యాంకు లోను దగ్గరా చెప్పే 24 లక్షలు కాదు. క్యాడెట్‌గా ఉన్నప్పుడు వచ్చేది స్టైపెండ్, ఫారిన్ కంపెనీల్లో నెలకి కొన్ని వందల డాలర్లు. ఆ 18 నెలలు పూర్తయ్యాక వెంటనే ఆఫీసర్ అయిపోరు, థర్డ్ ఆఫీసర్‌గా చేరడానికి కావాల్సిన సెకండ్ మేట్ పరీక్షలకి ముంబైలోనో చెన్నైలోనో రూము తీసుకుని క్లాసులకి వెళ్లి, రాత పరీక్షలు, ఆ తర్వాత ఓరల్స్, అందులో ఒకటి పోతే మళ్లీ. ఆ నెలలన్నీ చేతి ఖర్చే. డీఎన్‌ఎస్‌లో చేరిన రోజు నుంచి థర్డ్ ఆఫీసర్ జీతం మొదటిసారి అకౌంట్‌లో పడేదాకా అన్నీ సవ్యంగా జరిగినా నాలుగేళ్లు అనుకోవడం మంచిది. ఎడ్యుకేషన్ లోను తీసుకునేవాళ్లు ఈఎంఐ ఎప్పుడు మొదలవుతుందో ఈ నాలుగేళ్ల పక్కన పెట్టి చూసుకోవాలి.

రేటింగ్స్‌కి అంతర్జాతీయంగా ఒక కనీస వేతనం ఉంది, ఏబుల్ సీమన్, అంటే డెక్ మీద పని వచ్చిన రేటింగ్, బేసిక్ 2026 జనవరి నుంచి నెలకి 690 డాలర్లు, దాని మీద ఓవర్‌టైమ్ అవీ కలుస్తాయి. ఫారిన్ షిప్ అయితే, ఆ ఆర్థిక సంవత్సరంలో ఇండియాలో 182 రోజుల కన్నా తక్కువ ఉన్నవాళ్లకి ఎన్‌ఆర్‌ఐ హోదా వస్తుంది, ఎన్‌ఆర్‌ఐలకి బ్యాంకులిచ్చే ఎన్‌ఆర్‌ఈ అకౌంట్‌లో పడే ఆ జీతానికి ఇక్కడ ట్యాక్స్ ఉండదు. సీడీసీలో సైన్ ఆన్, సైన్ ఆఫ్ తేదీల్ని షిప్ వాళ్లు అంత జాగ్రత్తగా లెక్కపెట్టుకునేది అందుకే, ఇంటికి వారం ముందొస్తే ఆ ఏడాది ట్యాక్స్ లెక్క మొత్తం మారిపోవచ్చు.

పని ఎలా ఉంటుందంటే, రీల్స్‌లో కనిపించే సూర్యాస్తమయం నిజమే, దాని ముందూ వెనకా ఉండే పని కెమెరాకి రాదు. ఒక బల్క్ క్యారియర్, అంటే సరుకుని విడిగా పోసి మోసే ఓడ, బొగ్గు దింపింది, తర్వాతి పోర్టులో గోధుమలు ఎక్కించాలి అనుకుందాం. నాలుగైదు అంతస్తుల లోతున్న హోల్డుల్లోకి, అంటే సరుకు నింపే గదుల్లోకి, నిచ్చెన మీద దిగి, గోడల మధ్య సందుల్లో ఇరుక్కున్న బొగ్గుని గీకి, సముద్రపు నీళ్లతో కడిగి, మళ్లీ మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టాలి. ఇలాంటి హోల్డులు ఒకే ఓడలో ఐదో ఏడో ఉంటాయి, టైమేమో మధ్యలో సముద్రం మీద ఉన్న రోజులే. పోర్టులో ఇన్‌స్పెక్టర్ తెల్ల గుడ్డతో గోడ తుడిచి చూసి నల్లగా అయ్యిందంటే హోల్డు ఫెయిల్, మళ్లీ మొదటి నుంచి, అంతసేపూ ఓడకి వచ్చే అద్దె ఆగిపోతుంది, కెప్టెన్ మీద ఆఫీసు నుంచి ఒత్తిడి, ఆ ఒత్తిడి దిగి దిగి చివరికి హోల్డు అడుగున చీపురు పట్టుకున్న క్యాడెట్ దాకా వస్తుంది. మిగతా రోజుల్లో చిప్పింగ్ హ్యామర్‌తో తుప్పు కొట్టడం, వైర్ బ్రష్ వేయడం, ప్రైమర్, పెయింట్, బ్రిడ్జి మీద, అంటే ఓడ నడిపే గదిలో, వాచ్, పోర్టుకి వస్తే తాళ్లు కట్టే పని. ఆ తాడు తెగితే వెనక్కి కొట్టే దెబ్బకి మనిషి ప్రాణం పోతుంది, ఎక్కడ నిలబడకూడదో మొదటి రోజే చెప్తారు, చెప్పకపోతే అడిగి తెలుసుకోవాలి. ఇంజిన్ రూములో నలభై డిగ్రీల పైన వేడి, చెవులకి మఫ్స్ లేకుండా నిలబడలేని చప్పుడు, ఆయిల్ వడకట్టే ప్యూరిఫయర్లు విప్పి కడగడం, ఓడ అడుగున మురికి నీళ్లు చేరే బిల్జిలు శుభ్రం చేయడం. గుంటూరు ఎండల్లో పెరిగిన పిల్లలకి వేడి కొత్త కాదు గానీ ఆ వేడిలో నాలుగు గంటలు ఆగకుండా స్పానర్ పట్టడం కొత్తే.

రూలు ప్రకారం 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు రెస్ట్ ఇవ్వాలి. కాగితం మీద అన్ని ఓడల్లోనూ ఇస్తారు, నిజంగా ఇవ్వడం కంపెనీని బట్టి, ఆ ఓడ కెప్టెన్‌ని బట్టి ఉంటుంది. ఇప్పుడు చాలా షిప్పుల్లో ఇంటర్నెట్ ఉంది, అమ్మకి రోజూ వీడియో కాల్ చేయొచ్చు, పదిహేనేళ్ల కిందటి ఒంటరితనం కాదు ఇది. కానీ కంటైనర్ షిప్ కొన్ని పోర్టుల్లో ఒక రోజు కూడా ఆగదు, సింగపూర్ చూశావా అంటే క్రేన్లు చూశాను అని చెప్పే పిల్లలే ఎక్కువ. అక్క పెళ్లికి, తాతయ్య పోయినప్పుడు రాలేకపోవడం ఈ ఉద్యోగంలో మామూలు విషయం, మన ఇళ్లలో దీని గురించి ముందుగా కూర్చుని మాట్లాడుకోవాలి, తర్వాత ఒకరినొకరు నిందించుకునే బదులు.

ప్రమాదాల గురించి దాచాల్సిన పని లేదు. 2023 నవంబర్‌లో గెలాక్సీ లీడర్ అనే షిప్‌ని ఎర్ర సముద్రంలో యెమెన్ హౌతీ తిరుగుబాటుదారులు హెలికాప్టర్ మీద దిగి పట్టుకున్నారు, 2024 మార్చిలో ట్రూ కాన్ఫిడెన్స్ మీద మిసైల్ పడి ముగ్గురు సీమెన్ చనిపోయారు. అదే నెల 26న అమెరికాలో బాల్టిమోర్ బ్రిడ్జిని గుద్దుకున్న డాలీ షిప్ సిబ్బంది దాదాపు అందరూ ఇండియన్లే, పవర్ పోయిందని వాళ్లు ముందుగా చెప్పిన కబురుతోనే బ్రిడ్జి మీదకి వాహనాలు రాకుండా ఆపగలిగారు, అయినా విచారణ కోసం వాళ్లు వారాల తరబడి ఆ ఓడ మీదే ఉండాల్సి వచ్చింది. వీటికన్నా ఎక్కువ జరిగేది, పేపర్లో తక్కువ వచ్చేది అబాండన్‌మెంట్. ఓనర్ దివాలా తీసి ఓడనీ మనుషుల్నీ ఏదో పోర్టులో వదిలేస్తాడు, జీతం ఉండదు, ఒక్కోసారి తిండికీ మంచినీళ్లకీ ఇబ్బంది. 2024లో 300కి పైగా ఓడల మీద 3,000 మందికి పైగా ఇలా వదిలేయబడ్డారని అంతర్జాతీయ రవాణా కార్మికుల ఫెడరేషన్ లెక్క, దేశాల వారీగా చూస్తే అందులో అందరికన్నా ఎక్కువమంది మనవాళ్లే. 2017 నుంచి ఓనర్లు దీనికి ఇన్సూరెన్స్ చూపించాలి, నాలుగు నెలల జీతం, ఇంటికి పంపే ఖర్చు అందులో వస్తుంది, ఆ సర్టిఫికెట్ షిప్‌లో అందరికీ కనిపించే చోట పెట్టాలి. మంచి కంపెనీల ఓడల్లో ఇలాంటివి అరుదు, ఏజెంట్ ద్వారా వెళ్లే ఓడల్లోనే ఎక్కువ, కాబట్టి ఈ ప్రమాదంలో పెద్ద భాగం ఒడ్డు మీద ఉన్నప్పుడే తప్పించుకోవచ్చు.

ఆడపిల్లలు కూడా వెళ్తున్నారు, వయసు పరిమితిలో వాళ్లకి రెండేళ్ల సడలింపు ఉంది. 2015 జూన్‌లో కాకినాడ నుంచి ఒడిశా వైపు బయల్దేరిన దుర్గమ్మ అనే చేపల పడవ ఇంజిన్ చెడిపోయి, లంగరు తెగి తుఫానులో కొట్టుకుపోతుంటే గోపాలపూర్ దగ్గర అందులోని ఏడుగురు జాలర్లనీ పైకి లాగింది సంపూర్ణ స్వరాజ్య అనే ట్యాంకర్, దాని కెప్టెన్ రాధికా మీనన్. ఇరవై ఐదు అడుగుల అలల్లో ఓడని పడవ పక్కకి తీసుకురావడానికి పట్టుదలగా మళ్లీ మళ్లీ ప్రయత్నించినందుకు 2016లో ఆమెకి అంతర్జాతీయ మారిటైమ్ ఆర్గనైజేషన్ సాహస అవార్డు ఇచ్చింది. మన జాలర్లని కాపాడిన కెప్టెన్ గురించి మన పిల్లలకి ఎక్కడా చెప్పకపోవడం బాధగా ఉంటుంది. అమ్మాయిని పంపేటప్పుడు అడగాల్సిన అదనపు ప్రశ్న ఒకటే, ఆ కంపెనీ ఒక షిప్‌లో ఒక్క అమ్మాయినే వేస్తుందా, ఇద్దరిని కలిపి వేస్తుందా, ఫిర్యాదు చేయాలంటే కెప్టెన్‌ని దాటి ఆఫీసుకి నేరుగా చెప్పే నంబరు ఉందా.

జీవితాంతం సముద్రం మీదే ఉండాలని కూడా లేదు. కెప్టెన్, చీఫ్ ఇంజనీర్ దాకా వెళ్లినవాళ్లు షిప్ మేనేజ్‌మెంట్ ఆఫీసుల్లో సూపరింటెండెంట్లుగా, సర్వేయర్లుగా, పోర్టుల్లో పైలట్లుగా ఒడ్డుకి వచ్చేస్తారు. మధ్యలో చిన్న ర్యాంకులో దిగిపోతే మాత్రం ఒడ్డున మంచి పని దొరకడం కష్టం, కాబట్టి రెండు మూడేళ్లు చేసి డబ్బు కూడబెట్టి వచ్చేద్దాం అనుకునేవాళ్లకి ఇది సరిపోదు.

సీరియస్‌గా ఆలోచిస్తున్న ఇంటర్ పిల్లలు సెకండియర్ పరీక్షలయ్యేదాకా ఆగకుండా పాస్‌పోర్ట్ తీసేసుకోవాలి, విజయవాడలోనే సేవా కేంద్రం ఉంది, పేరు టెన్త్ సర్టిఫికెట్‌లో ఎలా ఉందో ఆధార్‌లోనూ అలాగే ఉండేలా చూసుకోవాలి, ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా ఉండటం మన దగ్గర మామూలు, దాని వల్ల తర్వాత సీమెన్‌కి డీజీ షిప్పింగ్ ఇచ్చే ఇండోస్ నంబరు దగ్గరా సీడీసీ దగ్గరా వీసా దగ్గరా అన్నిచోట్లా నెలలు పోతాయి. కంపెనీల స్పాన్సర్షిప్ నోటిఫికేషన్లు కొన్ని ఐఎంయూ సెట్ కన్నా ముందే వస్తాయి, అవి కంపెనీల సొంత సైట్లలోనే చూడాలి.

ఆ ఏడాది స్పాన్సర్షిప్ రాకపోతే ఇక్కడి పిల్లలకి ఇంకో దారి ఉంది, కన్సల్టెన్సీలు దీని గురించి పెద్దగా మాట్లాడవు ఎందుకంటే వాళ్లకి అందులో కమిషన్ లేదు. మామూలుగా ఎంసెట్‌లో మెకానికల్ తీసుకుని మన దగ్గరే బీటెక్ చేసి, అయ్యాక ఏడాది గ్రాడ్యుయేట్ మెరైన్ ఇంజనీరింగ్ కోర్సు ద్వారా షిప్ ఇంజిన్ రూముకి వెళ్లొచ్చు, ట్రిపులీ ఈసీఈ వాళ్లకి ఎలక్ట్రో టెక్నికల్ ఆఫీసర్ కోర్సు ఉంది, నాలుగు నెలలే. అప్పుడు కూడా స్పాన్సర్షిప్ లెటర్ అడగాల్సిందే, కానీ అడిగేటప్పటికి చేతిలో డిగ్రీ ఉంటుంది, వయసు ఇరవై రెండు ఉంటుంది, లెటర్‌లో ఏం రాశారో చదివి అర్థం చేసుకునే తెలివి ఉంటుంది, షిప్ దొరక్కపోయినా ఒడ్డు మీద వేరే ఉద్యోగం చూసుకోవచ్చు. కెప్టెన్ కావాలనే కోరిక గట్టిగా ఉన్నవాళ్లు మాత్రం ఈ దారిలోకి రాకూడదు, ఇంజిన్ వైపు వెళ్లినవాళ్లు చీఫ్ ఇంజనీర్ దాకా వెళ్తారు గానీ కెప్టెన్ అవ్వరు, వాళ్లు డెక్ స్పాన్సర్షిప్‌కే ఇంకో ఏడాది ప్రయత్నించాలి.